సముద్రం వైపు తిప్పిన సౌండు

వేట నిషేధం వచ్చిందంటే పాలెంలో పడవలన్నీ ఒడ్డెక్కి పడుకుంటాయి గానీ నోళ్లు పడుకోవు. సముద్రంలోకి పోవద్దని సర్కారు చెప్పగలదు, సముద్రం గురించి మాట్లాడొద్దని ఎవరు చెప్పగలరు? అందుకే ఆ రోజుల్లో ఆదిశేషమ్మ టీ అంగడి ముందు కొబ్బరాకుల పందిరి కింద పొద్దుటి నుంచే మనుషులు చేరతారు. కొందరు వలలు బాగుచేసుకోవడానికి వస్తారు, కొందరు టీకోసం వస్తారు. ముత్యాలయ్య మాత్రం మాట్లాడడానికే వస్తాడు.

ముత్యాలయ్య చెడ్డవాడు కాడు. పడవ పనిలో అతనిది మంచి చెయ్యి. ఇంజను మొరాయిస్తే నడిసముద్రంలోనే విప్పి బిగించగలడు. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు చేరేది అతనే. కాకపోతే అతని వలలో పడిన వేలెడంత కవళ్ల చేప అంగడి దగ్గరికి వచ్చేసరికి బారెడు వంజరమవుతుంది, రెండో టీ తాగేసరికి తిమింగలమవుతుంది. పాలెమంతటికీ ఈ సంగతి తెలుసు. తెలిసే వింటారు, వినే నవ్వుతారు. ఆ నవ్వుకు అతను ఏనాడూ నొచ్చుకోలేదు. నవ్వేది మాటను చూసి. చేతిపనిని చూసి నవ్వినవాడు పాలెంలో ఒక్కడూ లేడు. ఆ ధైర్యంతోనే అన్ని కోతలు కోసేవాడు.

ఆ ఆదివారం పొద్దున మాత్రం ముత్యాలయ్య పందిరి కిందికి వచ్చింది మాట్లాడడానికి కాదు, వినడానికి.

సంగతి ఏమిటంటే, అతని ఇంటికి కొత్త టీవీ వచ్చింది. గోడలో సగముంది. దానితోపాటు సౌండు సామాను కూడా: టీవీ కింద పెట్టే పొడుగాటి డబ్బా, మూలలకు చిన్న డబ్బాలు, నేలమీద పెట్టే బరువైన వూఫరు. అతని భార్య మహాలక్ష్మికి పాటలంటే ప్రాణం. ఇసుక మీద చేపలు ఎండబెట్టుకుంటూ, గాలి హోరులో సెల్‌ఫోను చెవికి ఆనించుకుని పాటలు వినే మనిషి. ఆమె కోసమే కొన్నాడు. టీవీ అమ్మినవాళ్లు పంపిన మెకానిక్కును వాకిట్లోంచే వెనక్కి పంపించాడు. "పడవ ఇంజను బిగించేవాడికి టీవీ ఒక లెక్కా?" అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? ఇదే పందిరి కింద, బెన్హర్ ముందరే, "మైకుసెట్టు కట్టేవాళ్లకు ఈ కొత్త సామాన్లు అంతుపట్టవులే" అని కూడా అనేశాడు. పాలెంలో ప్రార్థన కూటానికైనా, పోలేరమ్మ జాతరకైనా మైకుసెట్టు పెట్టేది బెన్హరే. ఆ మాట అన్నాక, "ఆదివారం సాయంత్రం వీధంతా మా ఇంటికి రండి, నెల్లూరు సినిమా హాల్లో కూర్చున్నట్టు ఉండకపోతే అడగండి" అని పిలుపులు కూడా అయిపోయాయి.

టీవీ వెలిగింది. బొమ్మ అద్దంలా వచ్చింది. శబ్దం మాత్రం రాలేదు.

సౌండును కొత్త డబ్బాల వైపు మళ్లించడమైతే మళ్లించాడు గానీ, డబ్బాలు పలకలేదు. తిరిగి టీవీలోకి తేవడం అతనికి చేతకాలేదు. రిమోటు మీద ఉన్న ప్రతి మీటా నొక్కాడు. వైర్లు పీకి పెట్టాడు. హీరో నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, అంతే. అక్వేరియంలో చేపలాగా ఉన్నాడు.

"బెన్హరును పిలవగూడదా?" అంది మహాలక్ష్మి పొద్దున్నే.

"ప్రాణం పోయినా పిలవను."

"నీ ప్రాణం సంగతి తర్వాత. పొద్దు వాలేలోగా అది పలక్కపోతే నేనే పోయి పిలుస్తా. వీధంతా వచ్చి కూర్చున్నాక మూగబొమ్మలు చూపిస్తామా?"

ఆమె పోయి పిలిస్తే, ఆమె ఇల్లు చేరేలోగా పాలెమంతా చెప్పుకుంటుంది: ముత్యాలయ్య చెయ్యి తప్పింది. ఆ మాట పడకూడదు. అట్లాగని అడగనూ కూడదు. అంగడికి వస్తూ దారంతా ఆలోచిస్తే అతనికి ఒక ఉపాయం తట్టింది. ఏ పనివాడైనా తన పని గురించి ఎదుటివాడు తప్పు చెబుతుంటే దిద్దకుండా ఉండలేడు. వైర్ల గురించి తనే కలగాపులగంగా చెప్పుకుంటూ పోతే, బెన్హర్ ఎక్కడో ఒకచోట "అట్ట కాదన్నా, ఇట్ట" అనకపోడు. అన్నాడంటే గుట్టు చిక్కినట్టే.

బెన్హర్ బల్ల చివర కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. మస్తానయ్య కాలి బొటనవేలికి వల తగిలించుకుని చిరుగులు కడుతున్నాడు. పొయ్యి దగ్గర ఆదిశేషమ్మ పాలు కాస్తున్నది.

"టీవీ ఎక్కించినావంట గదా ముత్యాలన్నా?" అన్నాడు మస్తానయ్యే.

ముత్యాలయ్య పంచె సర్దుకుని కూర్చున్నాడు. "ఎక్కించినా అంటే ఎక్కించినా. ఒక్కణ్ణే. గోడకు నాలుగు బోల్టులు దించినా, నీళ్లగొట్టం పట్టి మట్టం చూసినా, టీవీని తలమీద పెట్టుకుని స్టూలెక్కినా, తగిలించినా. మా ఆడమనిషి స్టూలు కూడా పట్టుకోలా. అది పెద్ద పనేం కాదులే. అసలు పని సౌండుది. ఆ టీవీ ఎనకాల ఉండాయి చూడు బొక్కలు, కందిరీగల గూడే అనుకో. నేనేం చేసినా? కళ్లు మూసుకున్నా. ఏ వైరు ఏ బొక్కలోకి పోవాల్నో వైరే చెప్తుంది మనకు, చేతికి తెలుస్తుంది, వల బరువు తెలిసినట్టు. అయినా అందరూ చేసే తప్పు ఒకటుండాది. టీవీ నుంచి సౌండు డబ్బాకు పోయే వైరును…"

అక్కడ ఆగాడు. గాలం వేసినవాడు ఆగినట్టు ఆగాడు. కంటి కొస బెన్హర్ మీదే ఉంది.

బెన్హర్ టీ ఊదాడు. ఒక గుక్క తాగాడు. మళ్లీ ఊదాడు.

"వైరును ఏం చేస్తారన్నా?" అన్నాడు మస్తానయ్య.

"తిరగేసి పెడతార్రా" అన్నాడు ముత్యాలయ్య నీరసంగా. "నేను సరిగ్గా పెట్టినాలే."

"మరి సౌండేదీ? మీ ఇంటి ఎనకే గదా మాది, నిన్నంతా చెవికేమీ పళ్లేదే!"

ఇది మాత్రం ముత్యాలయ్య అనుకోని ప్రశ్న. ఇంకొకడైతే తడబడేవాడే. ముత్యాలయ్యకు ఇలాంటి ప్రశ్న ఎదురుగాలి లాంటిది. తెరచాప తెలిసినవాడికి ఎదురుగాలి కూడా గాలే.

"పళ్లేదంటే పడనీలేదు కాబట్టి పళ్లేదు! వీధిలో చంటిబిడ్డలుండారు, ముసలోళ్లుండారు. ఆ సౌండు వీధిమీద పడితే పెంకులుంటాయా? అందుకని డబ్బాలన్నిటినీ కిటికీలోంచి సముద్రం వైపు తిప్పినా. తిప్పి, సౌండునంతా దారం గుంజినట్టు సన్నంగా గుంజి, తూర్పుకు వదిలినా. ఒక్క బొట్టు వీధిలో పడలా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"వూఫరు పెట్టేదానికి ఎత్తయిన బల్ల లేకపోతే ఐసుపెట్టె మీద పెట్టినా. లోపల కానాగంత చేపలుండాయి, పొద్దున కొనుక్కొచ్చి ఐసులో పెట్టినవి. సినిమాలో ఉరిమింది. నా మాట నమ్ము, పెట్టె మూత దానంతటదే లేచింది, కానాగంతలు ఒక్కొక్కటే తోకమీద నిలబడినాయి! మహాలక్ష్మి పులుసుకని ఒకదాన్ని పట్టుకుంటే జారి చింతపండు గిన్నెలో ఈత కొట్టింది."

"ఐసు కరిగి జారుంటుందిలే నాయనా" అంది ఆదిశేషమ్మ, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"ఐసు జారితే కిందికి పోతుంది పెద్దమ్మా. ఇది ఎదురీదింది!"

మస్తానయ్య వల కట్టే చెయ్యి ఆపాడు. ముత్యాలయ్యకు ఊపొచ్చింది. కానీ పని మరిచిపోలేదు. "ఆ ఉరుము అంత బాగా ఎందుకొచ్చింది? రిమోట్లో ఒక కిటుకుండాది గాబట్టి. ఆ మీట ఉందే… ఏంది దాని పేరు… నాలిక చివర్నే ఉండాది…"

బెన్హర్ తలెత్తాడు. ముత్యాలయ్య ముందుకు వంగాడు.

"పెద్దమ్మా, కాస్త చక్కెరెయ్యి" అన్నాడు బెన్హర్.

గాలానికి నాచు తగిలినట్టయింది. ఇంకా లోతుకు పోవాలనుకున్నాడు ముత్యాలయ్య. అబద్ధం ఎంత పెద్దదైతే దిద్దాలనే దురద అంత ఎక్కువ కదా.

"ఐసుపెట్టె సంగతి ఏముందిలే. ఆ ఉరుము కిటికీలోంచి పోయిందా, రొయ్యలగుంటల మీదుగా పోయిందా, గుంటల్లో రొయ్యలన్నీ ఒక్కసారి ఎగిరినాయి. కావలివాడు వానొచ్చిందని గొడుగు తీసుకున్నాడు. గొడుగు మీద టపటపా రొయ్యలు! సినిమాలో వాన పాట మొదలైంది. నేను సౌండు ఒక్క గీత పెంచినా. ఒక్క గీతే! ఆకాశంలో మబ్బులు ఆ పాట విని, అరే, మనల్నే పిలుస్తుండారు అనుకుని చిట్టమూరు పక్కనించి పరిగెత్తుకుంటా వచ్చినాయి. వచ్చి చూస్తే పాటైపోయింది. చిన్నబుచ్చుకుని ఎనక్కి పోయినాయి."

"అందుకేనేమో నిన్న మబ్బేసి తేలిపోయింది" అన్నాడు మస్తానయ్య, నమ్మాలో వద్దో తెలియని ముఖంతో.

"మరి! నీకు ఇప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దూరంగా ఒక ఓడ పోతుంది, రేవుకు. సినిమాలో హీరోయిను ఏడుస్తుంది. ఆ యమ్మ ఏడుపు నీళ్లమీద జారుకుంటా పోయి ఓడకు తగిలింది. కెప్టెను ఏ దేశం వాడో, తెలుగు రాదు పాపం, అయినా ఏడుపుకు భాషేముంది? ఎవురో ఆడకూతురు ఆపదలో ఉండాదని ఓడను ఇట్ట, మన పాలెం వైపు తిప్పినాడు. అంత ఓడ! నేను చూసినా, అయ్యో ఇసుకదిబ్బకు తగులుకుంటుందే అని గబగబా కామెడీ సీను పెట్టినా. ఓడమీద వాళ్లందరూ పకపకా నవ్వినారు. కెప్టెను భోమ్మని హారను కొట్టి దారిన పోయినాడు. హారను కూడా పాట వరసలోనే కొట్టినాడబ్బా!"

పందిరి కింద నవ్వులు లేచాయి. అవతల వలల దగ్గరున్నవాళ్లు కూడా చేతిలో పని వదిలి దగ్గరికి జరిగారు. బెన్హర్ మాత్రం గ్లాసులో మిగిలిన టీని గుండ్రంగా తిప్పుతున్నాడు. ఒక్క మాట అనడే!

ముత్యాలయ్యకు లోలోపల దిగులు మొదలైంది. పందిరి నీడ కురచబడుతున్నది. ఇల్లు కళ్లముందు కనబడుతున్నది: గోడమీద అంత టీవీ, దాని ముందు చాపలు పరుస్తూ మహాలక్ష్మి. పొద్దు వాలితే ఆమె చెంగు దోపుకుని బయల్దేరుతుంది. ఇప్పుడే మెల్లగా బెన్హర్ పక్కన కూర్చుని 'అబ్బీ, కాస్త ఇంటికొచ్చి పో' అంటే? నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి వచ్చింది వేరే.

"ఓడ పోయినాక చేపలొచ్చినాయి."

"చేపలా!"

"చేపలంటే చేపలా? కవళ్లు, వంజరాలు, పండుగప్పలు, సముద్రంలో ఉండేదంతా! పాట యాడనించి వస్తుందా అని వరసకట్టి ఒడ్డుకొచ్చినాయి. ముందు చిన్నవి, ఎనక పెద్దవి, హాల్లో కూర్చున్నట్టు కూర్చున్నాయి. అల వచ్చి ఎనకనించి నెట్టినా కదలవే! పాటైపోతే రెక్కలతో చప్పట్లు. ఇసుక కనపడితే ఒట్టు, అంతా వెండే."

"మరి పట్టలేదా అన్నా?" మస్తానయ్య నిజంగానే ఉండబట్టలేక అడిగాడు. పడవ ఒడ్డెక్కినప్పటి నుంచి అతని ఇంట్లో ఎండుచేపల పులుసే.

ముత్యాలయ్య చెవులు మూసుకున్నాడు. "రామ రామ! వేట నిషేధంరా! గుడ్లుపెట్టే కాలం. సర్కారు మాటంటే మాటే గదా. ఒక్కదాన్ని ముట్టలా. సౌండు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటా వచ్చినా. తగ్గేకొద్దీ అవి ఎనక్కి పోయినాయి. అన్నీ పోయినా ఒక ముసలి పండుగప్ప మాత్రం పోదే! రేపు మళ్లీ పెడతావా అన్నట్టు చూస్తా కూర్చునుండాది. ఆదివారం రమ్మని చెప్పి పంపించినా."

ఈసారి పందిరి ఊగింది. నవ్వీ నవ్వీ ఒకాయనకు పొరబోయింది. ఆదిశేషమ్మ అతని నడినెత్తిన తట్టింది.

మస్తానయ్య కళ్లు తుడుచుకుని, పడవవాడు అడగదగిన మాటే అడిగాడు. "అదంతా సరేగానీ అన్నా, కిటికీ తెరిచి పెట్టినానంటివి. మన ఉప్పుగాలికి ఇనప లంగరే పొడి రాలిపోతుంది. అంత సున్నితమైన సామాను చెడిపోదా?"

ముత్యాలయ్య గొంతు మారింది. అప్పటిదాకా అరిచినవాడు నెమ్మదిగా, ఒక పనివాడు ఇంకొక పనివాడితో మాట్లాడినట్టు మాట్లాడాడు. ఊహించుకుని చెప్పాల్సిన అవసరం లేని మాట కదా.

"మనం అంత తెలీనోళ్లమా మస్తానా? పడవ బ్యాటరీకి ఏం చేస్తాం? గ్రీజు పట్టిస్తాం. ఎన్నేళ్లయినా తుప్పు దగ్గరికి రాదు. అట్నే బిగించేముందు ఒక్కొక్క వైరు కొసకూ వేలితో పల్చగా గ్రీజు పట్టించినా. కొసన ఎర్రగా వెలిగే నల్లవైరు ఒకటుండాది, టీవీనించి డబ్బాకు పోయేది. అది మరీ సున్నితం గదా అని దానికి రెండుసార్లు పట్టించినా."

బెన్హర్ గ్లాసు బల్లమీద పెట్టాడు.

"అన్నా" అన్నాడు. "కానాగంతలు తోకమీద నిలబడినాయంటివి, నమ్మినా. మబ్బులు వచ్చి పోయినాయంటివి, నమ్మినా. ఓడ తిరిగిందంటివి, ముసలి పండుగప్ప ఆదివారం వస్తానందంటివి, సరే అన్నా. ఈ ఒక్కటి మాత్రం నమ్మను."

"ఏది?"

"ఆ వైరుకు గ్రీజు పూసినానన్నావే, అది. పచ్చికోత."

"ఎందుకు కోత?"

"అది కరెంటు పోయే వైరు కాదన్నా. వెలుగు పోయే వైరు. సౌండంతా ఆ ఎర్ర వెలుగులోనే పోతుంది. దాని కొసకు గ్రీజు పూస్తే లైట్‌హౌసు అద్దానికి తారు పూసినట్టే. దూది పెట్టి శుభ్రంగా తుడిచేదాకా కుయ్యిమనదు. నువ్వు నిజంగా పూసుంటే నీ టీవీ ఈపాటికి మూగగా కూర్చోనుండాల. నీదేమో ఓడల్నే తిప్పింది. అంటే పూయలా! ఆ మాత్రం తెలీకుండా ఎవురన్నా పూస్తారా?"

దొరికింది!

ముత్యాలయ్య ఒంట్లోకి చల్లగాలి దూరినట్టయింది. దూది. తుడవడం. ఇంతే. దీపం వత్తులకని మహాలక్ష్మి దాచుకున్న దూది దేవుడి గూట్లోనే ఉంది. ఇప్పుడు తను చేయవలసిందల్లా ఒక చిన్న నవ్వు నవ్వి, 'అవున్లే బెన్హరూ, అది ఊరికే అన్నాలే' అనడం. పంచె దులుపుకుని లేవడం. ఇంటికి పోయి తుడవడం. సాయంత్రానికి వీధంతా వస్తుంది, సౌండు మోగుతుంది, చెయ్యి గెలుస్తుంది. నవ్వడానికి పెదవులు కూడా కదిలాయి.

"అట్ట అడుగు బెన్హరూ!" అని తొడ చరిచాడు మస్తానయ్య. "ఇన్నేళ్లకు దొరికినాడబ్బా అన్న! గ్రీజు పూసినాడంట గ్రీజు! ఎంత అబద్ధం!"

"అబద్ధం" అన్నారు ఇంకెవరో. "గ్రీజు అబద్ధం" అని పందిరంతా అందుకుంది.

ముత్యాలయ్య నవ్వు పెదవుల మీదే ఎండిపోయింది. తిమింగలాలు చెప్పాడు, ఒక్కడూ అబద్ధమనలేదు. ఓడను తిప్పాడు, ఎవరూ అడ్డం రాలేదు. నేలమీద మఠం వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క వైరు కొసనూ బిడ్డ చెవి తుడిచినంత మెత్తగా పట్టుకుని చేసిన పని అది. ఈ పొద్దున తన నోటినుంచి వచ్చిన వాటిలో నిఖార్సయిన నిజం అదొక్కటే. దాన్ని పట్టుకుని అబద్ధమంటారా?

ఊరుకుంటే గెలుస్తానని అతనికి తెలుసు. తెలిసీ లేచి నిలబడ్డాడు.

"ఎవుర్రా కోత అనింది? పోలేరమ్మ తల్లి మీద ఒట్టు! ఈ చేత్తో పూసినా! ఇదిగో చూడండి, గోటి సందులో ఇంకా ఉండాది గ్రీజు! ఒక్క వైరును వదల్లా! ఎర్ర వెలుగు వైరుకు రెండుసార్లు, రెండుసార్లు పూసినా! కావాలంటే పదండి ఇంటికి, చూపిస్తా!"

వేలు గాలిలో నిలిచిపోయింది. రొయ్యలగుంటల్లో నీళ్లు చిలికే యంత్రాల చప్పుడు దూరంగా వినిపించింది. వేలి చివర, గోటి కింద, సన్నటి నల్లగీత అందరికీ కనపడుతూనే ఉంది. తను ఏమన్నాడో ముత్యాలయ్యకు అప్పుడు వినబడింది.

బెన్హర్ నవ్వలేదు. లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "పదన్నా, చూపిద్దువుగానీ. పోతా పోతా దూది నేను తెస్తాలే" అన్నాడు.

ఆదిశేషమ్మ పాలగిన్నె దించి, కొంగుతో చేతులు తుడుచుకుని, ముత్యాలయ్య వైపు జాలిగా చూసింది.

"మూగ టీవీకి ఇంత దూది కావాలని అడిగేదానికి, పాపం, ఆ ఓడను అంత దూరం తిప్పాల్నా నాయనా? ఎంత డీజిలు తగలబడిందో!"